తూములన్నీ మూసుకుంటే

పట్టాలు అందుకున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ!

మీ కాలేజీకి ఒక పక్క హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. కణంలో ఏం జరుగుతోందో అక్కడ చూస్తారు. ఇంకో పక్క నాచారం పారిశ్రామికవాడ, ఈఎస్‌ఐ ఆసుపత్రి. నేను ఊపిరితిత్తుల డాక్టర్ని కాబట్టి నాకు రెండు పక్కలతోనూ పని.

మా ఓపీకి తరచూ వచ్చే రోగి ఎలా ఉంటాడో చెబుతాను. యాభై దాటిన మనిషి, గ్రైండింగ్ పని. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దారిలో ఆగి, ఎవరూ అడక్కుండా ఫోన్ చూస్తున్నట్టు నిలబడతాడు. వేలికి ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 84 శాతం. సాక్సు తీస్తే కాలి మీద దాని అచ్చు గుంటపడి ఉంటుంది. ఊపిరి జబ్బుకు కాళ్లు ఎందుకు వాచాయి?

ఆక్సిజన్ తగ్గితే ఒంట్లో మిగతా చోట్ల రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఊపిరితిత్తుల్లో మాత్రం ముడుచుకుంటాయి. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద ఈ సంగతి చూపించారు. పంట రాని మడికి తూము మూసి, పండే మడికి నీళ్లు మళ్లించే రైతు తెలివి ఇది. న్యుమోనియా ఒక మూలను పట్టినప్పుడు ఈ ఏర్పాటే ఆదుకుంటుంది. ఏళ్ల తరబడి దుమ్ము, బీడీ, కట్టెల పొయ్యి పొగ మింగి ఊపిరితిత్తి అంతటా గాలి తగ్గితేనో? తూములన్నీ మూసుకుంటాయి. నాళాల గోడలు మందమవుతాయి. గుండె కుడివైపు గది ఆ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ ఉబ్బుతుంది. కాళ్లలోకి నీరు దిగుతుంది.

కణం లోపలా ఇదే తంతు. హిఫ్ అనే ప్రోటీన్ ఆక్సిజన్ ఉన్నంతసేపూ పుట్టిన కాసేపటికే నాశనమైపోతుంది. ఆక్సిజన్ తగ్గితే నిలదొక్కుకుని, ఎర్రరక్తకణాలు పెంచే జన్యువులను లేపుతుంది. ఈ గుట్టు విప్పినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. కొండెక్కినవాడికి అది మేలే. మా రోగికి మాత్రం రక్తం చిక్కబడి గుండెకు ఇంకో బరువు.

2021 ఏప్రిల్‌లో, కోవిడ్ వేళ, ఆక్సిజన్ నింపుకోవడానికి ఖాళీ ట్యాంకర్లు బేగంపేట నుంచి విమానంలో ఒడిశాకు వెళ్లడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదనే నమ్మకం అప్పుడే ఇళ్లలో పాతుకుపోయింది. దానితోనే నా పేచీ. సీఓపీడీ అనే ఊపిరి జబ్బు ముదిరినవాళ్లకు 100 చూపించాలని ఆక్సిజన్ పెంచేస్తే, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్మవచ్చు. వాళ్లకు 88 నుంచి 92 చాలు. ఎప్పుడూ ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండేవాళ్లకు దాన్ని రోజుకు కనీసం 15 గంటలు ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 81ల్లో అమెరికా, బ్రిటన్ అధ్యయనాలు తేల్చాయి. పదిహేను గంటలు మిషన్ పక్కన కూర్చుంటే పనికెవరు వెళ్తారు? అందుకు నా దగ్గర మందు లేదు.

మా ఓపీ చీటీలో వయసు, బరువు, బీపీ రాయడానికి గళ్లున్నాయి. ‘ఏం పని చేస్తావన్నా?’ అనడిగితే వచ్చే జవాబుకు గడి లేదు, పక్కన ఖాళీలో పెన్నుతో రాసుకుంటున్నాం. మీలో ల్యాబుల్లో చేరేవాళ్లు, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసేవాళ్లు అనుమతులు తెచ్చుకుని రండి. పేర్లు తీసేసి ఆ చీటీలు మీ ముందు పెడతాను.