చిట్టెలుకల గానము



ఎలుక యనుమాట వినినంతనే మా నెక్కొండ ప్రాంతపు రైతునకు స్ఫురించునది నష్టమే. పొలముగట్టున పందికొక్కు, ఇంటిలోని గుమ్మిలో చిట్టెలుక. ఇవి రెండును మనతోడి కాపురమును విడువవు. అట్టి చిట్టెలుక పాడునని చెప్పినచో, పంతులుగారికి ముసలితనము ముదిరినదని మీరు నవ్వుదురేమో. కాని యిది కట్టుకథ కాదు.

మానవుని చెవి సెకనునకు ఇంచుమించు 20,000 కంపనములకు మించిన ధ్వనిని గ్రహింపజాలదు. మగ చిట్టెలుక పాటయో 30,000 మొదలు 1,10,000 కంపనముల వరకు పోవును. కావున గుమ్మి ప్రక్కనే పరుండిన వానికి సైతము అది నిశ్శబ్దమే. ఈ రేడియో కూడ దానిని మోయజాలదు గనుక మీకు వినిపించు భాగ్యము నాకు లేదు. ఆ ధ్వని మన మాటవలె స్వరతంత్రుల కంపనమున గాక, కంఠనాళమున సన్నగా వెడలు గాలివలన ఈలవలె పుట్టును.

2005లో అమెరికా దేశమున సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో తిమోతి హోలీ, ఝాంగ్‌షెంగ్ గువో అను నిరువురు ఈ ధ్వనులను పరీక్షించిరి. ఆడుదాని మూత్రపు వాసన సోకినంతనే మగది పాడుననియు, ఆ పాటలో అక్షరములవంటి ఖండములు వరుసదీరి మరలమరల వచ్చుననియు వారు చూపిరి. పక్షిగానమునకు గల లక్షణములు కొన్ని దీనికిని గలవట.

ఇది గాయకుని కథ. బాల్యమున అలంకారశాస్త్రము చదివినవాడ నగుటచే నాకు శ్రోతను గూర్చియే కుతూహలము. సహృదయుడు లేని పాట గాలికూతయే గదా! ఆడుది నిజముగా వినుచున్నదా, లేక వాసననుబట్టి వచ్చుచున్నదా?

ఈ సందేహమును తీర్చుట సులభము కాదు. మగది యున్నచోట పాటతోపాటు వాసనయు నుండును. 1983లో ప్రకటితమైన యొక పరీక్షలో, పాడగల మగదానిని, శస్త్రముచే గొంతు పోగొట్టబడినదానిని వేర్వేరు చోట్ల నుంచగా, ఆడువి పాడగల దానిచెంతనే హెచ్చుకాలము గడపినవి. ఆ మూగదానిని తలచిన నాకు జాలి కలుగును. 2009లో జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు మగదానిని తెచ్చుటయే మాని, యంత్రమునుండి పాటను మాత్రమే వినిపించిరి. ఆడువి పాటవైపు నడచినవి; పిల్లల కూతలకును, కృత్రిమమైన ఈలలకును అంతగా పోలేదు. అయితే మరలమరల వినిపింపగా ఆసక్తి త్వరలోనే సన్నగిల్లెను. పాట వెనుక నెవ్వడును లేనిచో శ్రోత యేల నిలుచును?

వియన్నాలో అడవిజాతి చిట్టెలుకలపై జరిగిన పరిశోధన, 2010లో వెలువడినది, మరింత చిత్రము. ఆడువి తోబుట్టువుల పాటకంటె పరాయి మగవాని పాటనే కోరినవి. సగోత్రమును పరిహరించుటకు వాటికి ధర్మశాస్త్ర మక్కరలేకపోయెను! 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు చెప్పినది వేరు సంగతి. ఆడుది కానరాక వాసన మాత్రమే తగిలినపుడు మగది జటిలమైన పాట నెత్తుకొనును. ఆడుది ఎదుటికి వచ్చినంతనే పాట సరళమగును. రెండింటిని వినిపింపగా ఆడువి జటిలమైనదానివద్దనే యెక్కువసేపు నిలిచినవి. ప్రవరుని చూచి పరవశయైన వరూధిని కథ మనకు తెలియును. ఇచ్చట పరవశుడు గాయకుడు, పరీక్షకురాలు ఆడుది.

చిరకాలము శాస్త్రజ్ఞులు ఈ ప్రణయవేళలో ఆడుది మౌనముగా నుండుననియే తలచి, వినబడిన ప్రతిధ్వనిని మగదాని ఖాతాలోనే వ్రాసిరి. ఎదుట నిలిచిన దానిని విచారింపకయే తీర్పు వ్రాయుట మన సభలలోను చూచినదే. అదే 2015లో జాషువా న్యూనుబెల్, ఆయన సహచరులు పెక్కు మైకులను నిలిపి, ఏ కూత ఏ యెలుకదో స్థానమునుబట్టి వేరుపరచిన ఫలితములను ప్రకటించిరి. మగది వెంటదరుముచుండగా ఆడుదియు బదులు పాడుచున్నదని తేలెను. పాడినపుడు ఆడుది తన పరుగును తగ్గించెను.

నా సమయము పూర్తియైనది. సెలవు.