ఎంపీ ఆఫీసులో పనికి ఎవరిని పట్టుకోవాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఢిల్లీ అనుభవాలు చెప్పమన్నారు. అక్కడికి ఎలా వెళ్లానో చెబితేనే ఎక్కువ పనికొస్తుంది. మొన్న సంతలో ఒక తమ్ముడు అడిగాడు: "ఎంపీ ఆఫీసులో పని కావాలంటే ఎవరిని పట్టుకోవాలన్నా?" ఎవరినీ పట్టుకోనక్కర్లేదు.

ఢిల్లీలో పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ 2010 నుంచి లాంప్ ఫెలోషిప్ నడుపుతోంది. ఒక్కో ఎంపీకి ఒక్కో సహాయకుణ్ణి ఇస్తారు. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాలు ముగిసేదాకా పని. ఏ డిగ్రీ అయినా సరే. వయసు 25 దాటకూడదు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది.

నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆ ఏడాది గడువు అయిపోయింది. మరుసటి ఏడాదే నాకు ఆఖరి అవకాశం. ప్రజాస్వామ్యం గొప్పతనం మీద నాలుగు పేజీల వ్యాసం రాసి మన సోషల్ మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, "ఇది ఏ ఊరి కుర్రాడైనా రాస్తాడు కదరా. ఇందులో మీ ఊరేదీ?" అన్నారు.

ఆ రాత్రే మళ్లీ రాశాను. నిండు నెలల మా అత్తను డోలీలో మోసుకుంటూ కొండ దిగిన రోజు గురించి. రోడ్డుకు అడవి అడ్డొస్తే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. అంటే జవాబు చెప్పాల్సిన మంత్రిత్వ శాఖ ఢిల్లీలో కూడా ఉంది. ఇంటర్వ్యూలో అడిగిందంతా దాని గురించే.

నాకిచ్చిన ఎంపీ వేరే రాష్ట్రం ఆయన. పని ఎక్కువగా ప్రశ్నలు రాయడమే. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలే నోటి జవాబుల జాబితాలోకి వస్తాయి, వాటిలోనూ అన్నీ సభలో చర్చకు రావు. మిగతావాటికి రాతపూర్వక జవాబు. అటవీ అనుమతుల మీద నేను రాసిన ప్రశ్నకు రాష్ట్రాలవారీ పట్టిక వచ్చింది. అందులో మా ఊరి పేరు లేదు, ఉండదు కూడా. మా రోడ్డు ఈరోజుకీ సగం దాకే ఉంది. ఇది దాచి చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

అయినా వెళ్లండి. 2009 ఎన్నికల నుంచి మనకు అరకు లోక్‌సభ స్థానం ఉంది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. ఢిల్లీ దాకా పోలేనివాళ్లు దగ్గర్లోని ఎమ్మెల్యే ఆఫీసుకే ఒక పేజీ దరఖాస్తు పట్టుకెళ్లండి. ఏం చేయగలరో, ఎన్ని నెలలు చేస్తారో రాయండి. కువి, ఆదివాసీ ఒడియా వస్తే అది మొదటి వరుసలోనే రాయండి. అర్జీ పట్టుకొచ్చిన ముసలమ్మ చెప్పేది అర్థమవడం డిగ్రీకి తీసిపోని అర్హత. హాస్టల్లో ఆ భాష మాట్లాడటానికి సిగ్గుపడినవాణ్ణే నేనూ.

రాసింది నాకు చూపించండి, లేదా మన మాస్టార్లకు. గడువుకు వారం ముందే తీసుకురండి. ఆఖరి రాత్రి మన కొండ మీద సిగ్నల్ ఉండదు.