తీర్పు రైతు చెప్పాలి



విదేశీ సాయంతో పథకాలొస్తాయి. తనిఖీకొచ్చినవాళ్లు ఖర్చెంతో రాసుకుపోతారు. మేలు ఎవరికి జరిగిందని మనల్ని అడగరు.

2001 జూన్‌లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది సన్న, చిన్నకారు రైతులు. వారిలో దళిత మహిళలే ఎక్కువ. బ్రిటన్ సాయం అందుకుంటున్న అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వపు 'విజన్ 2020'ను వాళ్లు విచారించారు. అధికారులను, శాస్త్రవేత్తలను, కంపెనీవాళ్లను సాక్షులుగా పిలిచి ప్రశ్నించారు. సేద్యం మీద బతికేవాళ్లను 70 నుంచి 40 శాతానికి తగ్గించే ఆలోచన వద్దన్నారు. వనరులు ఊరి చేతిలోనే ఉండాలన్నారు.

సాయమిచ్చినవాళ్లు ఆ నివేదికకు అభ్యంతరం చెప్పారు. అయినా దారి తెలిసింది.

ఇకమీదట ఏ పథకమొచ్చినా గ్రామసభలో మూడే అడుగుదాం: ఎవరు కోరారు? ఎవరు బాగుపడ్డారు? ఎవరు నష్టపోయారు? మన జవాబు చేరాకే నివేదిక పైకి పోవాలి.