పని ఇంటికొచ్చింది - హక్కులు గడప బయటే ఉండిపోవాలా?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి నుంచే పూర్తికాలం పనిచేయడం అనగానే మనకు 2020 లాక్‌డౌన్, కంప్యూటర్ ముందు కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గుర్తుకొస్తారు. ఇదేదో కొత్తగా వచ్చిన సౌకర్యమని, ఆడవాళ్లకు వరమని పత్రికలు రాశాయి. తెలుగు స్త్రీలకు ఇది కొత్తేమీ కాదు. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టే స్త్రీలు, నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే స్త్రీలు తరాలుగా ఇంట్లోనే పనిచేస్తున్నారు. వాళ్ల అనుభవం నుంచి నేర్చుకోకుండా ఈరోజు కంప్యూటర్‌తో ఇంట్లో కూర్చున్న స్త్రీ సమస్య మనకు అర్థం కాదు.

నర్సాపురం లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. దీని మీద మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వెలువడింది. అల్లే స్త్రీలు గంటల తరబడి అల్లారు. సరుకు విదేశాలకు పోయింది. వ్యాపారం చేసిన మగవాళ్లు ఎగుమతిదారులయ్యారు. అల్లినవాళ్లు మాత్రం గృహిణులుగానే మిగిలారు. అది పని కాదట, తీరిక వేళ కాలక్షేపమట! ఈ ఒక్క మాటతోనే కూలి రేటు తగ్గింది, పని గంటల లెక్క పోయింది, సంఘం పెట్టుకునే ఆలోచనే రాకుండా పోయింది. పని జరిగే చోటు ఇల్లు కాబట్టి, చేసే మనిషి కార్మికురాలు కాకుండా పోయింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

బీడీ కార్మికుల కథ కొంత వేరు. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని చుట్టి, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే వీళ్లను 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం కార్మికులుగా గుర్తించింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ చట్టాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేశారు. ఇంట్లో చేసేవాళ్లు మా ఉద్యోగులు కారని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1980ల మధ్యలో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. కోర్టు చూపిన కారణం మనకు ఎంతో అవసరం. యజమాని పక్కన నిలబడి చూడకపోవచ్చు. కానీ బాగాలేవని బీడీలను పక్కన పడేసే అధికారం అతనిదే. ఆ అధికారమే అజమాయిషీ అని కోర్టు చెప్పింది.

దీని ఫలితం కాగితం మీదే ఆగిపోలేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవనభృతి ఇచ్చినప్పుడు పి.ఎఫ్. నమోదునే ఆధారంగా తీసుకుంది. పేరు ఎక్కినవాళ్లకు భృతి వచ్చింది. అదే బీడీ, అదే నడుంనొప్పి ఉన్నా, టేకేదారు పేరు ఎక్కించని స్త్రీకి రాలేదు. కాగితం మీద పేరు ఉండడానికీ లేకపోవడానికీ తేడా అంత.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పని మీద 177వ ఒడంబడికను ఆమోదించింది. యజమాని చెప్పినట్టు ఇంట్లో వస్తువు తయారుచేసినా, సేవ అందించినా, పనిముట్లు ఎవరివైనా అది పనేనని ఆ ఒడంబడిక అంటుంది. ఇంట్లో చేసేవారిని మిగతా ఉద్యోగులతో సమానంగా చూడాలంటుంది. భారతదేశం దాన్ని ఇప్పటికీ ధృవీకరించలేదు. మన 2020 సామాజిక భద్రతా కోడ్ ఇంటివద్ద పనిచేసే కార్మికులను నిర్వచించింది గానీ, వారిని అసంఘటిత కార్మికుల్లో కలిపి, పథకాలకు వదిలేసింది. నిర్వచనం దొరికింది. సమానత్వం దొరకలేదు.

ఇక కంప్యూటర్ పని, ఫోను పని ఇంటికి తెచ్చుకున్న స్త్రీల సంగతికి వద్దాం. ఇందులో మన సంస్థల కార్యకర్తలూ ఉన్నారు. అద్దె భరించలేక ఆఫీసు ఎత్తేస్తే కోఆర్డినేటర్ ఇల్లే ఆఫీసవుతుంది. రిజిస్టర్లు ఆమె మంచం కింద, ఫోను ఆమె దిండు పక్కన. దీన్ని మనం నిబద్ధత అని పొగుడుతాం. పూర్తికాలం ఇంటి నుంచి పనిచేయడానికి ఒప్పుకునే ముందు తేల్చుకోవలసినవి ఐదు ఉన్నాయి.

మొదటిది, రాతపూర్వకమైన ఉత్తర్వు. ఇంటి నుంచి పనిచేసినా జీతం, సెలవులు, పి.ఎఫ్., ప్రమోషన్ మారవని అందులో ఉండాలి. నెల జీతం కాస్తా చేసినంతకు చెల్లింపుగా మారితే మనం బీడీ లెక్కలోకి దిగినట్టే.

రెండోది, చోటు. మంచం మీద, వంటింటి గట్టు మీద చేసే పని నెలల తరబడి సాగదు. మెడ, నడుము, మణికట్టు దెబ్బతింటాయి. చిన్నదైనా ఒక బల్ల, నడుముకు ఆనుకునే కుర్చీ, పక్కనుంచి వెలుతురు వచ్చే కిటికీ ఉండాలి. రెండు గదుల ఇంట్లో ఇది కష్టమే. అప్పుడు కనీసం ఒక మూల, ఆ మూల పని వేళల్లో ఆమెదేనని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి.

మూడోది, ఖర్చు. కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ ఎవరు భరించాలి? ఆఫీసు అద్దె మిగిలేది యజమానికి, కరెంటు బిల్లు పెరిగేది ఆమెకు. 2021లో పోర్చుగల్ ఈ అదనపు ఖర్చులను యజమానే భరించాలని, పని వేళలు దాటాక ఉద్యోగిని పిలవకూడదని చట్టం చేసింది. మనం అడగడమన్నా మొదలుపెట్టాలి.

నాలుగోది, కాలం. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిచాకిరీ చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. ఆఫీసుకు వెళ్లే స్త్రీకి కనీసం ఆ ఎనిమిది గంటలు అన్నం వడ్డించమని అడిగేవాళ్లుండరు. ఇంట్లో ఉన్న స్త్రీని అందరూ అడుగుతారు. అందుకే పని మొదలుపెట్టే గంట, ముగించే గంట గోడ మీద రాసి పెట్టండి. మధ్యాహ్నం కంచాలు ఎవరు తీస్తారో, బడి నుంచి పిల్లల్ని ఎవరు తెస్తారో ముందే పంచుకోండి. ఇంటి నుంచి పని శిశుసంరక్షణ కేంద్రానికి బదులు కాదు. 2017 ప్రసూతి చట్ట సవరణ, 50 మంది ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. ప్రసూతి సెలవు తర్వాత ఇంటి నుంచి పనిని మాత్రం యజమాని అనుమతించవచ్చు అని మాత్రమే అంది. మొదటిది బాధ్యత, రెండోది అతని ఇష్టం. రెండోది చూపించి మొదటిది ఎగ్గొట్టనివ్వకూడదు.

ఐదోది, భద్రత. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం పని ప్రదేశం నిర్వచనంలో నివాస గృహాన్ని కూడా చేర్చింది. అధికారి రాత్రిపూట వీడియో కాల్‌లో వెకిలి మాట మాట్లాడితే, నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా అని కమిటీ తప్పించుకోవడానికి వీల్లేదు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట ఫిర్యాదుకు జిల్లాస్థాయి స్థానిక కమిటీ ఉంది. మరి వేధించేవాడు ఇంట్లోనే ఉంటే? ఆమెకు ఆఫీసే ఊపిరి పీల్చుకునే చోటు కావచ్చు. కాబట్టి ఇంటి నుంచి పని ఆమె ఎంపికగా ఉండాలి, ఆఫీసుకు తిరిగి వచ్చే హక్కు ఆమెకు మిగలాలి.

ఇవన్నీ ఒంటరిగా సాధించేవి కావు. ఇంటి పని స్త్రీలను విడదీస్తుంది. కార్ఖానా గేటు లేదు, కలిసి టీ తాగే వేళ లేదు, పక్కావిడకు ఎంత ఇస్తున్నారో తెలియదు. బీడీ కార్మికులు సంఘాలు పెట్టుకోగలిగారంటే, ఆకు తెచ్చుకునే చోట, లెక్క అప్పజెప్పే చోట ఒకరికొకరు ఎదురుపడేవారు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న స్త్రీకి ఆ చోటు కూడా లేదు. దాన్ని మనమే కల్పించాలి. వారానికి ఒకసారి కలవడం, రేట్లు బయటికి చెప్పుకోవడం, ఉత్తర్వుల నకళ్లు పక్కపక్కన పెట్టి చూసుకోవడం అక్కడ జరగాలి.

ఇక్కడినుంచి వెళ్లాక మీ మీ సంస్థల్లో ముందుగా ఒక పని చేయండి. ఇంటి నుంచి పనిచేసే ప్రతి స్త్రీ చేతిలో ఆమె పేరు, పని గంటలు, జీతం రాసిన కాగితం ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు అది రాయించండి. ఇతరుల హక్కుల గురించి మాట్లాడే మనం ఈ ఒక్క విషయంలో టేకేదార్ల పక్కన నిలబడకూడదు.