పదో నంబరు బస్సు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్రా యాత్రను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. యాత్ర ఘనతను ఆలిములు చెప్పాలి, అది మా తాహతు కాదు. మేము సామాన్ల సంగతి చెబుతాము. నవ్వకండి, ఒక ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఇది.

2023 దసరా సెలవుల్లో విశాఖ నుంచి ఇరవైరెండు మందిమి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు చేరి, అక్కడ జిద్దా విమానం ఎక్కాము. ముందు మదీనా, తర్వాత మక్కా. ఈ రెండు ఊళ్ళ మధ్య సుమారు 450 కిలోమీటర్లు, బస్సు ప్రయాణం.

మదీనాలో బయలుదేరే సాయంత్రం హోటలు ముందు ఒకే రంగు బస్సులు బారులు తీరి వున్నాయి. మాది పదో నంబరు అన్నారు. ముసలివాళ్ళను ఎక్కించి కూర్చోబెట్టడం మా వంతు, సామాను వేయించడం ట్రావెల్స్ కుర్రాడి వంతు. అతగాడు ఒక బస్సు అద్దానికి అంటించిన కాగితం చూసి, పది అని చదువుకుని, తొమ్మిది బ్యాగులు దాని కడుపులో వేయించేశాడు. తక్కినవి ఎవరో మా బస్సులోనే వేశారు. కాగితం మీద చేత్తో రాసినది పది కాదు, పదిహేను! అరబ్బీలో అయిదు అంకె అచ్చం మన సున్నాలా గుండ్రంగా వుంటుంది. వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. ఆరు చూస్తే ఇంగ్లీషు ఏడేమో అనిపిస్తుంది. ఉర్దూ చదువుకున్నవారికి కూడా అక్కడి నాలుగు, అయిదు, ఆరు కొంచెం కొత్తే, మనం రాసే రూపం వేరు గనుక.

జుల్‌హులైఫా దగ్గర నియ్యత్ చేసుకుని సాగిపోయాము. మగవాళ్ళందరం ఇహ్రాం రెండు గుడ్డలతో వున్నాము. రాత్రి దారిలో బస్సు ఆగినప్పుడు ఒక ఖాలా మెల్లగా అడిగారు:

"బేటా, నా సూది మందు పెద్ద బ్యాగులో వుంది, తీయిస్తావా?"

డ్రైవరు అర తెరిచాడు. ఖాలా బ్యాగు లేదు. అప్పుడు తెలిసింది తొమ్మిది లేవని.

ఆవిడకు పదేళ్ళుగా షుగరు, రాత్రిపూట ఇన్సులిన్ తప్పదు. డాక్టరు చీటీ కూడా ఆ బ్యాగులోనే! గాజువాకలో వున్న కొడుకును నిద్రలేపి, పాత చీటీ ఫోటో ఫోనులో తెప్పించాము. మక్కాలో మందుల షాపతనికి మన కంపెనీ పేరు తెలియలేదు. దాని కింద అసలు మందు పేరు, యూనిట్లు రాసి వుండబట్టి బతికిపోయాము. అల్హమ్దులిల్లాహ్. తర్వాత బ్యాగు దొరికినా అందులోని ఇన్సులిన్ పారేయవలసి వచ్చింది. ఆ ఎండలో బస్సు కింది అర కొలిమే. అందులో పడివున్న ఇన్సులిన్‌ను నమ్మరాదు.

ఇక బ్యాగులు. మూడింటి మీద పేరు, మక్కా హోటలు, ఫోను నంబరు ఉర్దూలో రాసి వున్నాయి. వాటిని దించుకున్న హోటలు పనివాడు చదివి ఫోను చేశాడు, మధ్యాహ్నానికి వచ్చేశాయి. తెలుగులో పేరు, "విశాఖపట్నం" అని మాత్రమే వున్నవి అయిదు. హోటలు హోటలు తిరిగితే మూడోనాటికి చిక్కాయి. అందరూ ఆకుపచ్చ రిబ్బనే కట్టుకొచ్చారు, ఇక ఏది ఎవరిదని పోల్చుకోవడం! ఒకటి రానే లేదు. అది ఒక చాచాది. తలనీలాలు తీయించుకున్నాక కూడా రెండు రోజులు ఆ ఇహ్రాం గుడ్డలతోనే తిరిగారు పాపం. కనబడ్డవాడల్లా "ఇంకా ఉమ్రా పూర్తి కాలేదా చాచా?" అని అడగడమే.

స్టీల్‌ప్లాంటు సోదరులకు మేము చెప్పనక్కరలేదు. ఏ బిల్లెట్టు ఏ కరుగులోదో చెప్పడానికి దానిమీద హీట్ నంబరు వుంటుంది. హార్బరులో మూటలకూ మార్కా వుంటుంది. ఆ మార్కా దించేవాడు చదవగలగాలి, కట్టినవాడు కాదు.

విమానంలో బ్యాగు పోతే ఒక దారి వుంది. విమానాశ్రయం దాటకముందే కౌంటరులో రిపోర్టు రాయించుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో, దెబ్బతిన్న బ్యాగుకు 7 రోజుల్లోగా, ఆలస్యంగా వచ్చినదానికి చేతికందిన నాటి నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మా బస్సులోనైతే సామానుకు చీటీ ముక్క కూడా ఇవ్వలేదు. చాచా ఎవరినని అడుగుతారు? మందులు, చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి.

ఈ సంవత్సరం వెళ్ళేవారు ఆదివారం అసర్ తర్వాత మా బడికి బ్యాగులతో రండి. ఉర్దూలో, ఇంగ్లీషులో రాసిపెడతాము. అరబ్బీ అంకెలు పది నిమిషాల పని, అవీ నేర్పిస్తాము. మార్కరు మా దగ్గర వుంది.