నిండిన ట్యాంకు, పలకని ఇంజను

ఈ వారం మిమ్మును మా అపార్ట్‌మెంటు సెల్లారులోనికి తీసుకువెళ్తాను.

మేముండేది కొండాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతమంతా మేడలు లేచాయి. పెద్ద మేడ ఉన్నచోట డీజిల్ జనరేటరు కూడా ఉంటుంది. 2014కు ముందు కరెంటు కోతలు ఎక్కువ గనుక అది తరచుగా నడిచేది. ఇప్పుడు కోతలు తగ్గాయి, జనరేటరు నెలల తరబడి నిద్రపోతోంది. నిద్రపోయే ఇంజనుకే రోగాలెక్కువ.

గత వర్షాకాలంలో ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. మూడో అంతస్తులో ఒక తల్లిగారు ఆక్సిజన్ మిషను మీద ఉన్నారు. స్విచ్ నొక్కితే జనరేటరు తిరుగుతోంది గాని స్టార్టు కావడం లేదు. "అయ్యగారూ, ట్యాంకు నిండా డీజిలుంది, నిన్ననే చూశాను" అన్నాడు వాచ్‌మన్. పైన ఆమె కుమారుడు చిన్న సిలిండరు తగిలించి, గడియారం చూస్తూ కూర్చున్నాడు.

మెకానిక్ వచ్చి ఫిల్టరు కింది మర విప్పాడు. డీజిలుకు బదులు నీళ్లు వచ్చాయి. ట్యాంకులోని గాలిలో ఉండే తేమ చల్లబడి నీరవుతుంది. నీరు డీజిలుకన్న బరువు గనుక అడుగుకు చేరుతుంది. ఆ నీటి అంచున సూక్ష్మజీవులు పెరిగి, జిగట మడ్డి తయారై ఫిల్టరును మూసివేస్తుంది. చలిదేశాల్లో చిన్న పడవల్లో వెచ్చదనానికి పెట్టుకొనే డీజిల్ పొయ్యి కూడా ఇలాగే ఆరిపోతుంది: అడుగున నీరు, గొట్టంలో గాలి, చిమ్నీలో మసి.

అతడు ఫిల్టరు మార్చి, చేతిపంపు కొడుతూ, బుడగలు ఆగేవరకు గొట్టంలోని గాలిని బయటకు పంపాడు. స్టార్టు చేసేముందు, జల్లు కొడుతుందని మేము దించిన షట్టరును ఎత్తించాడు. "పొగ లోపల నిలిస్తే మనుషులు పోతారు సార్" అన్నాడు. నిజమే. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. జనరేటరు నడిచేటప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వస్తే వెంటనే అందరూ బయటి గాలిలోనికి రండి. 108కు ఫోను చేయండి.

ప్రియులారా, ఇప్పుడు నా తప్పు ఒప్పుకొంటున్నాను. నెలనెలా రిజిస్టరులో "జనరేటరు బాగుంది" అని సంతకం చేసింది నేనే. ట్యాంకు ముల్లు చూసి సంతకం పెట్టేవాణ్ణి. పదిమంది కన్యకల ఉపమానము మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. నూనె ఉంటే చాలుననుకొన్నాను. ఆ నూనె అడుగున ఏముందో చూడలేదు.

కాబట్టి ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, నెలకొకసారి అరగంట నడపండి, కనీసం మూడోవంతు లోడు మీద. లోడు లేకుండా నడిపితే ఇంజను సరిగా వేడెక్కదు, కాలని డీజిలు పొగగొట్టంలో పేరుకొంటుంది. రెండు, ట్యాంకు నిండుగా ఉంచి, ఫిల్టరు అడుగు నీటిని తీసివేయండి. మూడు, బ్యాటరీ కొనల మీద తెల్లని పొడి పేరుకొంటే శుభ్రం చేయించండి. నాలుగు, పొగను చూడండి. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా లోడు మించింది. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే మెకానిక్‌ను పిలవండి.

ఆ రాత్రి సిలిండరు అయిపోకముందే జనరేటరు పలికింది. మర్నాడు ఆ తల్లిగారు నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, మీ ప్రార్థన వల్లనే బతికాను" అన్నారు. నేను తలెత్తలేకపోయాను. ప్రార్థన చేసిన మాట నిజమే. కాని నెలనెలా ఆ చిన్న మర విప్పి ఉంటే, ఆమె కుమారుడు ఆ రాత్రి గడియారం చూస్తూ కూర్చోవలసిన పని ఉండేది కాదు.

ఈ శనివారం మీరూ సెల్లారులోనికి దిగి చూడండి. చూడనిదానికి సంతకం చేయకండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.