'ప్రొవొకేషన్' : ఒక మాట వెనుక కథ
(కోటవురట్లలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కాకుండా మరేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. అందుకని సర్వీసంతా మనం ఫైళ్ళలో చూసిన ఒక ఇంగ్లీషు మాటను ఎంచుకున్నాను. అది 'ప్రొవొకేషన్'.

తెలుగులో దీనికి ఒక్క మాట చాలదు. ఎదుటివాడికి కోపం తెప్పిస్తే రెచ్చగొట్టడం. అదే నవ్వుతూ చేస్తే కవ్వించడం. తాను చాటున ఉండి ఇంకొకణ్ణి మీదికి తోలితే ఉసిగొల్పడం. ఇంగ్లీషులో రెచ్చగొట్టడం 'ప్రొవోక్', ఉసిగొల్పడం 'ఇన్‌స్టిగేట్'. ప్రొవోక్ చేసినవాడు దెబ్బ తినే చోట నిలబడతాడు. ఇన్‌స్టిగేట్ చేసినవాడు గట్టున కూర్చుంటాడు. 'ఇన్సెన్స్' అని ఇంకో మాట ఉంది. దేవుడి ముందు వేసే ధూపమూ అదే, మనిషిని మండిపడేలా చెయ్యడమూ అదే. రెండింటికీ లాటిన్‌లో మూలం నిప్పు రాజెయ్యడమే.

ప్రొవోక్ కూడా లాటిన్ మాటే. 'వొకారే' అంటే పిలవడం. రివోక్, అడ్వొకేట్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. సస్పెన్షను ఉత్తర్వు రివోక్ చేశారంటే దాన్ని వెనక్కి పిలిచారని. ప్రొవోక్ అంటే ముందుకు పిలవడం, 'రా, చూసుకుందాం' అనడం. ప్రాచీన రోములో అధికారి వేసిన శిక్ష మీద పౌరుడు ప్రజలకు మొర పెట్టుకునే హక్కును 'ప్రొవొకేషియో' అనేవారు. అంటే మన అప్పీళ్ళకు అది ముత్తాత!

ఇక చట్టం. తీవ్రమైన, ఆకస్మికమైన ప్రొవొకేషన్ వల్ల మనసు అదుపు తప్పి చంపితే అది హత్య కిందికి రాదని, తక్కువ నేరమని ఇండియన్ పీనల్ కోడు 300వ సెక్షన్‌లో మినహాయింపు ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 101వ సెక్షన్. 1959లో బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతి తన భార్యతో సంబంధం పెట్టుకున్న అహుజాను కాల్చి చంపాడు. 1961లో సుప్రీంకోర్టు ఈ మినహాయింపు ఇవ్వలేదు. సంగతి తెలిశాక కాల్చేలోపు సుమారు 3 గంటలు గడిచాయి, అతను నిగ్రహించుకునే వ్యవధి ఉందన్నది. యావజ్జీవ శిక్ష ఖాయమైంది.

అదే మినహాయింపులో మన ఉద్యోగులకు సంబంధించిన షరతు ఒకటుంది. ప్రభుత్వోద్యోగి చట్టప్రకారం చేసిన పనిని ప్రొవొకేషన్‌గా చెప్పుకోకూడదు. 'చట్టప్రకారం' అన్న మాటను గుర్తుంచుకోండి. మన నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించిన రోజుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత పని చేయించి కూలి ఎగ్గొట్టాడు. అటవీ చట్టం పోడును అడ్డుకుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. దొరల లెక్కలో జనాన్ని ఉసిగొల్పినవాడు రాజు. రెచ్చగొట్టిందెవరు అన్న ప్రశ్నకు జవాబు మాత్రం తహసీలు కచేరీలోనే ఉంది. ఫలానావాడు ఉసిగొల్పాడని నోటు రాసే ముందు, అంతకుముందు ఏం జరిగిందో రాయాలి. కుర్చీలో ఉన్న మన పిల్లలకు ఇది చెప్పండి.

ఈ మాటతో మనకిప్పుడేం పని అనుకోవద్దు. చేతిలో ఫోనుంది. ఒక కులాన్నో మతాన్నో తిట్టిన మెసేజి వస్తుంది, పొద్దుపోక పదిమందికి పంపుతాం. వర్గాల మధ్య ద్వేషం పెంచితే సంహిత 196వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు. ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా చేసినా అంతే. పైగా 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సు 8వ రూలు ప్రకారం పెన్షనుకు సత్ప్రవర్తన షరతు. ఘోరమైన నేరం రుజువైతే పెన్షను ఆపే అధికారం ప్రభుత్వానికుంది. ఒక వేలి నొక్కుతో ఇంటిల్లిపాది అన్నంతో ఆటలాడకూడదు.

ఇంట్లోనూ అంతే. 'నా పెన్షనుతోనే కదా ఈ ఇల్లు నడుస్తోంది' అని కోడలి ముందు ఒక్కసారి అంటే చాలు, నెల తిరిగినా ఆ మంట చల్లారదు. అది ఏ సెక్షన్‌కూ అందదు, కానీ కాపురాలు చెడతాయి. ఎవరైనా మనల్ని అంటే మాత్రం వెంటనే బదులియ్యనక్కరలేదు. పిలిచిన ప్రతివాడి వెంటా వెళ్ళం కదా! రెచ్చగొట్టడమూ ఒక పిలుపే. వెళ్ళాలా వద్దా అన్నది మన చేతిలో ఉంది.